ఆ బంతిని ఆపింది నిమ్మకాయ కాదు

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే రౌస్ హిల్‌లో మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చి, నా చేతిలో ఒక బిళ్ళ పెట్టింది. చొక్కాకి గుచ్చుకునే రేకుబిళ్ళ. ఆకుపచ్చ నేల మీద పసుపుపచ్చ నిమ్మకాయ. దానికి రెండు కళ్ళు, ఒక నవ్వు, రెండు చేతులు. ఆ చేతులకి గోల్‌కీపర్లు తొడుక్కునే గ్లవ్స్. అటూ ఇటూ తిప్పి చూశాను. ఆ అమ్మాయి పేరు జెస్. పెండిల్ హిల్‌లో మేము పూర్వం ఉన్న ఇంటి వెనకాల ఒక గ్రౌండు ఉండేది. అక్కడ ఆడే ఫుట్‌బాల్ క్లబ్బుకి ఇప్పుడు సెక్రటరీ ఆమె.

"మీ మమ్ గుర్తుగా చేయించాం సూ," అంది. నా పేరు సుభద్ర. ఈ దేశంలో సూ. "లెమన్ ఫైనల్ అంటే మా క్లబ్బులో చిన్నపిల్లలక్కూడా తెలుసు. వచ్చే ఆదివారం పాత ఆటగాళ్ళందరికీ లంచ్ పెడుతున్నాం. చార్లీ వస్తున్నాడు. అవతలి క్లబ్బు వాళ్ళని కూడా పిలిచాం. నిమ్మకాయ కప్పు గెలిపించిన కథ నువ్వే చెబితే ఎంత బాగుంటుందో!"

ఇంటికొచ్చిన పిల్ల మీద కోప్పడటం మా అమ్మ నాకు నేర్పలేదు. కాఫీ ఇచ్చాను, జంతికలు పెట్టాను, కారుదాకా వెళ్ళి సాగనంపి వచ్చాను. అప్పుడొచ్చింది కోపం. మా అమ్మాయి హారిక ఆ బిళ్ళ చూసి, "సో క్యూట్ అమ్మా! లిటిల్ గ్లవ్స్ కూడా పెట్టారు!" అంది.

"ఎవరి గ్లవ్స్ అవి?" అన్నాను.

"అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ బ్యాడ్జ్."

కాదు. ఆ గ్లవ్స్ అప్పటి గోల్‌కీపరు చార్లీవి. ఆ నిమ్మకాయ మా అమ్మది. ఆ రెండింటినీ కలిపి ఒక బొమ్మ చేసే హక్కు ఎవరికీ లేదు. ఎందుకంటే ఆ రోజు ఆ బంతికి, చార్లీ తరవాత, నా అంత దగ్గరలో ఉన్న మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు లేరు. నేను చూశాను. చూసినదాన్ని చూసినట్టు చెప్పమని ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఇంజినీరు ఉద్యోగం మీద ముందు వచ్చారు. ఆ తరవాత కొన్నాళ్ళకి అమ్మా నేనూ రేపల్లె నుంచి వచ్చాం. అప్పటికి పెండిల్ హిల్‌లో మన దుకాణాలు లేవు, కరివేపాకు రెబ్బ లేదు, మన మాట వినిపించే గుమ్మం ఇంకొకటి లేదు. మాది సిమెంటు రేకు గోడల ఇల్లు, తడితే డబ్బాలా మోగేది. నాకు ఉబ్బసం. ఇక్కడి గడ్డి పుప్పొడి గిట్టక, స్కూల్లో చేరిన కొద్దిరోజులకే మాటిమాటికీ ఊపిరాడక పడిపోయేదాన్ని. డాక్టరుగారు ఇంట్లోనే చదివించండి అన్నారు. గడ్డి గిట్టని పిల్లకి నాన్న వెతికి వెతికి గడ్డి మైదానాన్ని ఆనుకున్న ఇల్లు తీసుకున్నారని అమ్మ చాలాకాలం దెప్పింది. కానీ ఆ దెప్పుడులో బలం ఉండేది కాదు, ఆవిడకి ఆ ఖాళీ జాగా అంటే ఇష్టం. నేను మాత్రం ఒకటే అనుకుంటాను. దేవుడు నా ఊపిరి కాస్త పుచ్చుకుని, దానికి బదులు ఆ వెనక కిటికీ ఇచ్చాడు. ఆ బేరంలో నేను నష్టపోలేదు.

తెల్లవారకముందే అమ్మ దీపం పెట్టేది. స్తోత్రం గొంతులోనే చదువుకునేది, పక్కింటివాళ్ళు లేస్తారని భయం. నాన్న క్యారియర్ కట్టుకుని వెళ్ళాక వంటింటి బల్ల మీద నా చదువు మొదలయ్యేది. అమ్మ కూరలు తరుగుతూ పద్యం చెప్పేది, నేను అప్పజెప్పేదాన్ని. తప్పు పోతే కత్తిపీట చప్పుడు ఆగేది. అంతే, తిట్టేది కాదు. సాయంత్రం నాన్న లెక్కలూ ఇంగ్లీషూ చెప్పేవారు. శనివారం చదువు లేదు, ఎందుకంటే శనివారం వెనక గ్రౌండులో ఆట ఉండేది. పొద్దున్నించే బురదా, నొప్పులకి రాసుకునే మందూ, ఇనప పెనం మీద సాసేజీలతో వేగే ఉల్లిపాయా అన్నీ కలిసిన వాసన మా ఇంట్లోకి వచ్చేది. అమ్మ కిటికీ మూసి అగరొత్తి వెలిగించేది. కాసేపటికి పప్పులోకి ఇంగువ పోపు వేసేది, ఆ ఘాటు గ్రౌండులోకి వెళ్ళేది. మీ పోపు వాసన వచ్చిందంటే ఆట అయిపోవచ్చిందని మాకు తెలిసేది అని చార్లీ తరవాతెప్పుడో నాతో అన్నాడు.

ఆట నాకు కంచె ఇవతలి నుంచే వచ్చింది. బట్టలు ఉతికే తొట్టి బోర్లించి దాని మీద నుంచుంటే గోలు వెనక వల నా మొహానికి ఆనేంత దగ్గర. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో అర్థంకాక అడిగితే, నాన్న వంటింటి నేల మీద కందిపప్పు బద్దలు ఒక జట్టుగా, మినుములు ఒక జట్టుగా పేర్చి, ఒక శనగగింజని బంతి చేసి చెప్పారు. ఆ పప్పులన్నీ తిరిగి ఏరి వేరుచేసే పని నాదే కాబట్టి ఆ రూలు ఈనాటికీ మరిచిపోలేదు. ఇక అమ్మకి ఆట అక్కర్లేదు, బంతి మాత్రం కావాలి. కంచె దాటి మా పెరట్లో పడ్డ ప్రతి బంతినీ ఆవిడ పంపు కింద బురద పోయేలా కడిగి, పాత పంచె ముక్కతో తుడిచి, వెనక గేటు దాకా వెళ్ళి రెండు చేతులతో అందించేది. అవతల ఆట ఆగిపోయి అంతమంది మగాళ్ళు నడుం మీద చేతులు వేసుకుని నుంచునేవాళ్ళు.

"విసిరెయ్యరాదూ అమ్మా, వాళ్ళు చూస్తున్నారు," అనేదాన్ని.

"మనుషులకిచ్చేది విసురుతారటే?" అనేది.

ఆ బంతి తీసుకోవడానికి వచ్చేది కీపరు. మా చార్లీ. పొడుగాటి మనిషి, అప్పటికి పందొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. వాళ్ళ పెద్దలు మాల్టా నుంచి వచ్చినవాళ్ళు. ఆట మొదలయ్యే ముందు నుదుటా గుండెలా శిలువ గుర్తు వేసుకునేవాడు. అది చూసి అమ్మకి అతనంటే గురి. "భయభక్తులున్న పిల్లాడు," అనేది. ఇతర ఆటగాళ్ళు విసుక్కున్నా అతను గేటు దగ్గర చేతులు చాపి నుంచుని, బంతి అందాక తల వంచి, "థాంక్యూ మిసెస్," అనేవాడు.

రైలు పట్టాలకి ఇవతల పచ్చచొక్కాల క్లబ్బు, మాది. అవతల ఎర్రచొక్కాల క్లబ్బు. ఇద్దరూ ఒకే బేకరీలో రొట్టె కొనేవాళ్ళు, ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళు, ఒకే రైలెక్కి పనికి పోయేవాళ్ళు. కానీ శనివారం వచ్చేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఆ ఏడు కప్పు ఫైనల్ ఆ రెండు క్లబ్బులకే పడింది, అదీ మా వెనక గ్రౌండులోనే. దానికి ముందు సెమీఫైనల్లో మా వాడొకడు, టోనీ అని, అంచున పరుగెత్తే ఆటగాడు, కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడు. వంటింట్లో ఉన్న అమ్మకి కూడా వినిపించింది. గరిటె చేతిలో పట్టుకునే బయటికొచ్చి, వాణ్ణి మోసుకుపోతుంటే చూసింది. ఆ వారమంతా ఆవిడకి అన్నం సయించలేదు. "ఎవరి కన్ను పడిందో, ఎన్ని కళ్ళు పడ్డాయో," అనుకుంటూ తిరిగింది.

ఫైనల్ రోజు పొద్దున్న మంచు తడి ఇంకా ఆరలేదు. మా పెరట్లో నిమ్మచెట్టు ఉండేది, అంతకుముందు ఆ ఇంట్లో ఉన్న ఇటలీ ముసలాయన నాటింది. అమ్మ కాయలు కోసి, సగానికి తరిగి, కుంకుమ భరిణె నా చేతికిచ్చి వెనక గేటు తీసింది.

"అమ్మా, అది వాళ్ళ గ్రౌండు. అడక్కుండా వెళ్ళకూడదు."

"గ్రౌండు వాళ్ళదే. దిష్టి మాత్రం అందరికీ తగులుద్ది. నడు."

గోలు ముందు నుంచుని ఎగాదిగా చూసింది. "ఇదేంటే?"

"గోల్ పోస్టు."

"అది కాదే. రెండు నిలువు, పైనొక అడ్డం. ద్వారబంధం కాదూ? ఊరూరంతా పొద్దస్తమానం ఈ గుమ్మంలోకే చూస్తుంటే దిష్టి తగలక ఛస్తుందా?"

గడపకి ఇరుపక్కలా పెట్టినట్టు, స్తంభాల మొదట బయటివైపు ఒక్కొక్క నిమ్మచెక్క పెట్టి, దాని మీద కుంకుమ అద్దింది. దణ్ణం పెట్టుకుని, అవతలి గోలు వైపు నడవడం మొదలుపెట్టింది. నేను చెంగు పట్టుకుని లాగాను.

"అటు వద్దమ్మా, అది ఎర్రవాళ్ళది!"

"అయితే?"

"వాళ్ళు ఓడిపోవాలి కదా!"

"ఓడిపోనీ. కాళ్ళు విరగ్గొట్టుకుని ఓడిపోవాలా? నోర్మూసుకుని ఆ భరిణె ఇటియ్యి."

ఆ చివర కూడా అలాగే పెట్టింది. హాఫ్‌టైములో వైపులు మారతారని, రెండు గుమ్మాలూ రెండు జట్లవేనని అమ్మకి తెలియదు. తెలిస్తే సంతోషించేది. ఇదీ జరిగింది. కప్పు కోసం కాదు, ఒక జట్టు కోసం కాదు. ఎవరి ఎముకా విరగకూడదని. ఆట ముందు వలలు సరిచూసే రిఫరీ ఆ చెక్కల్ని చూశాడు. బూటుతో ఇంకొంచెం పక్కకి, పూర్తిగా గీతకి బయటికి, నెట్టి వెళ్ళిపోయాడు. నేను తొట్టి మీద నుంచుని అది కూడా చూశాను.

ఇక ఆట. దేవుడు నాకు ఎన్నో ఇచ్చాడు, భర్తని, పిల్లని, ఇప్పుడు పీల్చుకోవడానికి నిండా ఊపిరి. కానీ ఆ మధ్యాహ్నం లాంటిది మళ్ళీ ఇవ్వలేదు. గాలి పశ్చిమం నుంచి వీస్తోంది, అవతలి గట్టున వాటిల్ అనే తుమ్మజాతి చెట్లు పసుపుపచ్చగా పూసి ఊగుతున్నాయి. తాడు పొడుగునా జనం మూడు వరసలు. ఎర్రవాళ్ళకి గ్రెగ్ అని ఒకడుండేవాడు, ఎద్దులాంటి మెడ, ఎండకి తెల్లబడ్డ జుట్టు, ఎడమ కాలు. ఆ ఎడమ కాలంటే మా వాళ్ళకి హడలు. కానీ మొదటి గోలు తలతో కొట్టాడు, కార్నర్ నుంచి వచ్చిన బంతిని, మా వాళ్ళిద్దరి భుజాల మీదుగా లేచి. హాఫ్‌టైముకి కాస్త ముందు మా వాళ్ళు సమం చేశారు. అందం లేని గోలు. బంతి నలుగురి కాళ్ళ సందుల్లో పిల్లిలా దూరి దూరి ఎలాగో గీత దాటింది.

"ఏంటే ఆ అరుపులు? ఎవరికన్నా తగిలిందా?" అని లోపల్నించి అమ్మ.

"లేదమ్మా, గోల్!"

"కాళ్ళు బాగున్నాయిగా?"

రెండో సగంలో మా చార్లీ మా కంచె వైపు గోలుకి వచ్చాడు. టోనీ బదులు దిగిన బక్కపలచటివాడు, అప్పటిదాకా ఎవరూ లెక్కచెయ్యనివాడు, అవతలి అంచున బంతి పట్టుకుని పరుగు లంకించుకున్నాడు. ఒకణ్ణి దాటాడు, ఇంకొకడు జారిపడ్డాడు, మూడోవాడు చొక్కా పట్టుకుంటే చొక్కా సాగింది కానీ వాడు ఆగలేదు. గీత దగ్గర్నించి వెనక్కి కొట్టిన బంతిని మా కెప్టెను నేరుగా వలలోకి తన్నాడు. రెండు, ఒకటి. అరుపులకి మా ఇంటి రేకు గోడలు మోగాయి. "కాళ్ళు?" అంది అమ్మ. "ఉన్నాయమ్మా, అందరికీ ఉన్నాయి!" అని అరిచాను.

అక్కణ్ణించి ఎర్రవాళ్ళు మా గోలుని వదల్లేదు. అలల్లాగా వస్తూనే ఉన్నారు. నాకు ఊపిరి పట్టేస్తోంది, దిగలేను, చూడకుండా ఉండలేను. చివరాఖర్న మా వాడొకడు కంగారులో సరిగ్గా తన్నని బంతి గాల్లో తిరుగుతూ గ్రెగ్ ముందుకి దిగింది. అది నేలని తాకనివ్వలేదు. ఎడమ కాలు. దెబ్బ చప్పుడు ముందు విన్నాను, తరవాత బంతిని చూశాను, నేలబారున, సూటిగా నా వైపుకి, కుడి స్తంభం మొదట్లోకి. చార్లీకి ఎదురుగా సొంత జట్టువాడే అడ్డు నుంచున్నాడు, బంతి సగం దూరం వచ్చేదాకా అతనికి కనబడలేదు. ఒక్క అడుగు, అంతే. మనిషి మొత్తం అడ్డంగా పడుకున్నట్టు గాల్లోకి పోయాడు. చెయ్యి ఎంత సాగాలో అంతా సాగింది, ఇంకా చాల్లేదు, చిటికెన వేలు మాత్రం అందింది. "టప్" మని చిన్న చప్పుడు. బంతి దారి ఒక బెత్తెడు తప్పింది. స్తంభాన్ని రాసుకుంటూ గీత దాటి బయటికి పోయింది. బయటికి పోయాక, పోయిన తరవాత, అక్కడున్న నిమ్మచెక్కని చితక్కొట్టి, కుంకుమ పూసుకుని మా గేటు దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది.

ఆట తెలిసినవాళ్ళని ఒకటే అడుగుతున్నాను. రిఫరీ కార్నర్ ఇచ్చాడు, అంటే మూల నుంచి ఎర్రవాళ్ళకి ఇంకో తన్ను. కీపరు చెయ్యి తగలకుండా బంతి బయటికి పోతే కార్నర్ ఎందుకిస్తాడు? ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళలో ఒక్క బుర్రకీ తట్టలేదా? పైగా ఆ కార్నర్ సంగతి ఎవరూ ఎత్తరే! చార్లీ లేచి నుంచున్నప్పుడు గ్లవ్ లోపల ఆ వేలు ఎటో తిరిగి ఉంది. ఒకసారి చూసుకుని, పెదవి కొరుక్కుని, నుదుటా గుండెలా గుర్తు వేసుకున్నాడు. ఇంకో బంతి తెచ్చి కార్నర్ కొట్టారు. అంతమంది తలల మధ్యకి, ఆ విరిగిన చేత్తోనే, పిడికిలి బిగించి పైకి లేచి బంతిని గుద్ది అవతలికి పంపాడు. విజిల్ పడింది. అదీ కప్పు గెలిచిన ఆట.

మా వాళ్ళంతా మధ్యకి పరుగెత్తారు. అమ్మ మాత్రం గేటు దగ్గరికి దొర్లుకొచ్చిన ఆ మొదటి బంతిని తీసుకుని, అలవాటు ప్రకారం కడిగి, కుంకుమ మరక చీర చెంగుతో తుడిచి, గేటు తీసింది. ఎర్రచొక్కాల తరఫు మనిషొకడు గోలు వెనక్కి వచ్చాడు. చితికిన నిమ్మచెక్కని చూశాడు, ఎర్రటి మరక చూశాడు, అమ్మ నుదుటి బొట్టు చూశాడు. ఆవిడ రెండు చేతులతో చాపిన బంతిని తీసుకోలేదు. మొహం మీద మొహం పెట్టి, ఒక బూతు కలిపి, "విచ్!" అన్నాడు. మంత్రగత్తె అని.

"ఏమన్నాడే?" అంది అమ్మ, నా వైపు తిరక్కుండానే.

నేను తొట్టి దిగి, వెనక నుంచి ఆవిడ చెంగు పట్టుకున్నాను.

"పోన్లే. చెప్పక్కర్లా. ఆ మొహం చూస్తే తెలవట్లేదూ," అని, బంతిని నేల మీద మెల్లగా పెట్టి లోపలికి వచ్చేసింది.

ఆ తరవాత అమ్మ ఆ గేటు తియ్యలేదు. పెరట్లో బంతి పడితే కడిగి నాకిచ్చేది, అందించేది నేను. మర్నాడు చార్లీకి వేలి ఎముక విరిగిందని తెలిసినప్పుడు గడప మీద కూర్చుండిపోయింది. "దేనికని పెట్టానో అదే జరిగిందే. ఇంక నా నిమ్మకాయ ఏం కాపాడినట్టు?" అంది. ఆ పిల్లాడి వేలు అతుక్కునేదాకా రోజూ ఇంకొక వత్తి వేసింది. అదీ నా తల్లి. నిమ్మకాయ పనిచెయ్యలేదని అందరికన్నా ముందు ఒప్పుకున్నది ఆవిడే.

మరి ఈ కథ ఎలా పుట్టింది? నిమ్మకాయ బంతిని ఆపిందన్నారు. ఎర్రవాళ్ళు మోసం అన్నారు, మా వాళ్ళు అదృష్టం అన్నారు. క్యాంటీన్ దగ్గర "లెమన్" అన్న మాట, ఆ వెంట నవ్వులు. ఇంగ్లీషు రాకపోయినా ఆ ఒక్క మాటా అమ్మకి తెలుసు. అది వినబడ్డ ప్రతిసారీ వంటింటి కిటికీ మూసేది. తరవాత మనవాళ్ళు ఈ ఊళ్ళకి వచ్చారు, తెలుగు సంఘాలు పెట్టారు. ఈ కథ వాళ్ళ చెవినా పడింది. ఒక వనభోజనాల్లో ఒక పెద్దమనిషి పులిహోర తింటూ అందరికీ వినబడేలా, "మన శాస్త్రం పవర్ అండీ! ఒక్క నిమ్మకాయతో తెల్లోళ్ళ కప్పు కొట్టేశాం," అన్నాడు.

"కప్పు కొట్టింది మనం కాదండీ. ఒక కుర్రాడు వేలు విరగ్గొట్టుకుని ఆపాడు," అన్నాను.

"ఊరుకోండి మేడమ్. సొంత అమ్మగారి గొప్పతనం మీరే తగ్గించుకుంటే ఎలా?"

నాకు వాళ్ళందరి కన్నా ఈయన మీదే ఎక్కువ మండింది. నేను పూజ చేసుకునే మనిషిని, నోములు వదలని మనిషిని. రెండు జట్లనీ కాపాడు తండ్రీ అని అడిగితే, ఆయన ఒక జట్టు తరఫున దిగి బంతి ఆపాడని చెప్పడం భక్తి కాదు. దేవుణ్ణి లంచగొండిని చెయ్యడం.

ఆదివారం లంచ్‌కి వెళ్ళాను. హారిక తీసుకెళ్ళింది. పాత గ్రౌండులో గడ్డి తీసేసి ప్లాస్టిక్ గడ్డి పరిచారు. మా ఇల్లూ లేదు, నిమ్మచెట్టూ లేదు, ఆ జాగాలో అంటుకుని రెండు మేడలు. గోడ మీద రంగురంగుల అక్షరాలతో అందరికీ స్వాగతమట, అన్ని సంస్కృతులకీ గౌరవమట. ప్రతి బల్ల మీదా గిన్నెలో నిమ్మకాయలు. నేను కృతఘ్నురాలిని కాను. ఆ రోజుల్లో ఈ దేశం మాకు అన్నం పెట్టింది, నాకు ఊపిరి పోసింది, ఈనాడు గౌరవంగా పిలిచి కుర్చీ వేసింది. కానీ ఆనాడు మంత్రగత్తె అన్నారు, ఈనాడు మాస్కాట్, అదృష్టబొమ్మ, అంటున్నారు. అప్పుడూ ఇప్పుడూ కూడా ఆవిడ ఏం కోరుకుందో అడిగినవాళ్ళు లేరు.

మైకు ఇచ్చారు. పైన రాసిందంతా చెప్పాను, ఇంతకన్నా తక్కువ మాటల్లో, ఇంతకన్నా గట్టిగా. రెండు గోల్ పోస్టులకీ పెట్టిందని చెప్పాను. అది ఎముకలు విరక్కుండా ఉండటానికి పెట్టిందని, కానీ ఒక ఎముక విరిగిందని, కాబట్టి మా అమ్మ నిమ్మకాయ ఆ రోజు ఏ పనీ చెయ్యలేదని చెప్పాను. మొదటి బల్ల దగ్గర చార్లీ తల వంచుకుని కూర్చున్నాడు, జుట్టంతా తెల్లబడింది.

"చార్లీ, ఆ బంతి నీ చేతికి తగిలిందా లేదా?"

"వదిలెయ్ సూ. వీళ్ళకి నిమ్మకాయంటే ఇష్టం," అని గొణిగాడు.

వెనక నుంచి ఒక కుర్చీ కిర్రుమంది. చేతికర్ర ఊతంగా ఒక బట్టతల మనిషి లేచాడు. ఆ మెడ చూసి గుర్తుపట్టాను. గ్రెగ్.

"తగలకపోవడమేమిటి? నా జన్మలో అంత బాగా ఇంకో బంతి కొట్టలేదు. నా మనవలు కూడా ఏడిపిస్తారు, తాత నిమ్మకాయ చేతిలో ఓడిపోయాడని. అది ఆపాలంటే మనిషి కావాలి. అదిగో, ఆ దొంగవెధవే ఆపాడు. చెప్పరా, చెప్పు!"

చార్లీ ఆ చెయ్యి బల్ల మీద పెట్టి చూసుకున్నాడు. "తగిలింది," అన్నాడు. "నెల్లాళ్ళు బీరు గ్లాసు పట్టుకోలేకపోయాను." అప్పుడు లేచింది హాలు.

తరవాత టీ దగ్గర నా పక్కకి వచ్చి నుంచున్నాడు. "నా మీద కోప్పడకు. ఆ కథ మొదలుపెట్టింది నేనే," అన్నాడు.

కప్పు బల్ల మీద పెట్టేశాను.

"ఆ మనిషి ఆ మాట అన్నప్పుడు నేను పోస్టు దగ్గరే కూలబడి ఉన్నాను, చెయ్యి పట్టుకుని. లేచేలోపల మీ అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం క్లబ్బులో అందరి నోటా అదే మాట. మా వాళ్ళు కూడా, నవ్వుతూ. నేను లేచి, ఆవిడ నిమ్మకాయే మనకి కప్పు తెచ్చింది అన్నాను. కప్పు తెచ్చిన మనిషిని ఎవరూ అలా పిలవరు కదా. మళ్ళీ గేటు దగ్గరికి వస్తుందనుకున్నాను."

"రాలేదు," అన్నాను.

"రాలేదు," అన్నాడు.

ఆ నవ్వులన్నీ వెక్కిరింత కాదని, అందులో ఒకడు తనని కాపాడాలని చూస్తున్నాడని మా అమ్మకి తెలియకుండానే పోయింది. నా కోపాన్ని ఎక్కడ పెట్టుకోను? ఒకడు ఒక మాట విసిరి, కారెక్కి ఇంటికి పోయాడు. వాడికి అది గుర్తు కూడా ఉండి ఉండదు. ఆ మాటకి మా అమ్మ ఒక గేటు వదులుకుంది. గ్రెగ్ మనవల చేత వెక్కిరింపులు పడ్డాడు. ఒక గోల్‌కీపరు తన జన్మకంతటికీ గొప్ప బంతిని ఒక నిమ్మకాయకి ఇచ్చేశాడు. ఇది ఎక్కడి న్యాయం?

తరవాతి శుక్రవారం గుడికి వెళ్ళి అర్చన టికెట్ తీసుకున్నాను. పూజారిగారు పళ్ళెం అందుకుని, "ఎవరి పేరు మీదమ్మా?" అన్నారు.

"చార్లీ అండీ."

తలెత్తి చూశారు. "గోత్రం?"

"తెలియదండీ. గోల్‌కీపరు."

"సరేనమ్మా, విష్ణుగోత్రం అని చెప్పేస్తాను."

"మీరు ఏ గోత్రమైనా చెప్పండి స్వామీ," అన్నాను. "గోల్‌కీపరన్న మాట మాత్రం వదలకండి. లోపలున్న ఆయనకి వినబడాలి."